తవుడుకు కొన్న బిడ్డకు పాస్‌పోర్టు

సీమకు వస్తావా అని దొరసాని నన్ను అడిగినప్పుడు నేను ఆమె చిన్న కొడుకు లాగు పిండుతున్నాను. నీళ్లు మోచేతి దాకా కారుతున్నాయి. ఏమడిగిందో ముందు అర్థం కాలేదు. ఆమె మాట్లాడే తెలుగు అలాగే ఉండేది. పుస్తకాలు పెట్టుకుని నేర్చుకున్న మాట.

"మాతో కూడ సముద్ర ప్రయాణము చేయుటకు నీకు ఇష్టమా?" అంది మళ్లీ.

ఇష్టమా అని అంతవరకు నన్నెవరూ అడగలేదు. పెళ్లప్పుడు అడగలేదు. పోలీసు చర్య అయిన మరుసటి యేడు నా పెనిమిటి జ్వరమొచ్చి పోతే, వికారాబాద్‌లో మిషన్ ఆసుపత్రి డాక్టరు దొర ఇంట్లో ఆయాగా చేర్చినప్పుడూ అడగలేదు. ఇష్టం అంటే నాకు ఎక్కడ ఉంటుందో వెతుక్కోవడానికే ఆ పగలంతా పట్టింది. సాయంత్రం పిల్లవాడికి గంజి తాగిస్తూ తేల్చుకున్నాను. పోవాలని ఉంది. ఎందుకో చెప్పమంటే ఇప్పుడు కూడా చెప్పలేను. సముద్రం చూడాలనీ కాదు. పిల్లవాడు నా భుజం మీద తప్ప నిద్రపోడు, అది ఒక కారణం. కానీ అదొక్కటే అయితే అంత పిచ్చి పట్టదు.

దొరవాళ్లు కొన్నేళ్లకోసారి సెలవు మీద సీమకు, అంటే వాళ్ల దేశానికి పోతారు. ఎండలు ముదిరాక బొంబాయిలో ఓడ ఎక్కి, యేడాది దాటాక తిరిగి వస్తారు. ఓడలో చోటు ముందే చెప్పి పెట్టుకోవాలి. నా కాగితం, అంటే పాస్‌పోర్టు, ఓడ కదిలేలోపు వస్తే నేను వాళ్లతో పోతాను. రాకపోతే బొంబాయిలోనే ఓడల మీద తిరగడం అలవాటైన ఆయాలు దొరుకుతారట, వాళ్లలో ఒకామెను మాట్లాడుకుంటారు. దొరసాని ఈ సంగతి దాచకుండానే చెప్పింది. ఎవరో మొహం తెలియని ఆమె భుజం మీద పిల్లవాడు పడుకుంటాడని తలచుకుంటే నాకు అన్నం పోయేది కాదు.

దరఖాస్తు ఆసుపత్రి మున్షీ సాబ్ రాశాడు. ఆయన పట్నం, అంటే హైదరాబాదు, మనిషి. పుట్టిన తేదీ ఏమిటంటే నేను నోరు తెరిచాను, ఆయన జనవరి ఒకటి అని పెట్టేశాడు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లలో సగం మంది ఆ రోజునే పుట్టారని తర్వాత తెలిసింది. తండ్రి పేరు చెప్పాను. మా నాయిన ఎప్పుడో పోయాడు. పుట్టిన ఊరు చెప్పాను. తాండూరు దగ్గర రైలు దిగి కాగ్నా వాగు దాటి పోవాలి.

"ఏ జిల్లా?" అన్నాడు.

"గుల్బర్గా."

ఆయన రాశాడు. నేను చెప్పింది తప్పు కాదు. నిజాం కాలంలో మా తాండూరు గుల్బర్గా జిల్లాలోదే. తర్వాత రాష్ట్రాలు విడదీసి కలిపినప్పుడు తాండూరును తెచ్చి హైదరాబాదు జిల్లాలో పెట్టారు. గుల్బర్గా మైసూరు వాళ్లకు పోయింది. ఆ సంగతి మా ఊరికొచ్చి ఎవరూ చెప్పలేదు. మేం ఉన్నచోటే ఉన్నాం, జిల్లాయే మా కింద నుంచి జరిగిపోయింది.

ఫొటో కూడా కావాలన్నారు. స్టేషను బజారులో ఒకతను తీసేవాడు. "నవ్వొద్దు" అన్నాడు. నేను నవ్వడం లేదు. "బెదరొద్దు" అన్నాడు. అది నా చేతిలో లేదు. ఆ ఫొటోలో నన్ను చూస్తే ఎవరో వెనక నుంచి పిలిచినట్టు ఉంటాను.

కాగితాలు పట్నం పోయాయి. మామిడి పిందెలు వచ్చాయి, కాయలయ్యాయి, పచ్చడికి కోశారు. నా కాగితం రాలేదు. దొర చెప్పగా మున్షీ సాబ్ పట్నం పోయి, పాస్‌పోర్టు ఆఫీసు ముందు నిలబడి వచ్చాడు. బస్సు దిగి నేరుగా వంటింటి మెట్ల దగ్గరికి వచ్చి నీళ్లడిగాడు.

"ఏమన్నరు సాబ్?"

"ఏమంటరమ్మా, సీజనంట. హజ్‌కు పోయెటోళ్లు ఈ ఎండలల్లనే పోవాలె ఈయేడు. సీమకు పొయ్యే దొరలు గిప్పుడే, చదువులకు పొయ్యే పిల్లలు గిప్పుడే. కాగితాలు గడ్డివాముల లెక్క పడి ఉన్నయి ఆడ. నీది ఏ వాముల ఉన్నదో దేవులాడనీకె ఇంకొక కాగితం రాసియ్యమన్నరు."

"రాసిచ్చినవా?"

"ఇచ్చిన. అది ఏ వాముల పడ్డదో."

రెండోసారి పోయినప్పుడు కొంచెం తెలిసింది. నా గురించి విచారించమని పోలీసుల కాగితం గుల్బర్గాకు పోయింది. వాళ్లు ఆ ఊరు మాది కాదని కొన్నాళ్లు కూర్చోబెట్టి వెనక్కి పంపారు. ఇప్పుడు మళ్లీ తాండూరు ఠాణాకు పంపుతున్నారు. నేను ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. జిల్లా జరిపినవాళ్ల మీదా, గుల్బర్గా అన్న నా నోటి మీదా?

ఈలోగా దొరసాని పెట్టెలు సర్దడం మొదలుపెట్టింది. నాకు ఉన్ని బట్టలు కుట్టించింది. ఆ ఎండలో అవి వేసి చూసుకోమంది. వేసుకుని చెమటలు కారుతూ నిలబడ్డాను. పిల్లలిద్దరూ పడి పడి నవ్వారు.

మూడోసారి పట్నం నుంచి వచ్చిన మున్షీ సాబ్ నీళ్లడగలేదు. మెట్ల మీద కూర్చుని నా మొహం వంక చూశాడు.

"ఆయమ్మా, జర నిజం చెప్పు. నిన్ను ఎవరన్న కొనుక్కొచ్చిండ్రా?"

"ఎవరన్న ఏంది సాబ్, మా అమ్మనే కొన్నది."

"ఎవరి దగ్గర?"

"పక్కింటామె దగ్గర."

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "మరి కన్నదెవరు?"

"మా అమ్మనే."

"కన్నామె కొనుడేంది?"

"కన్నది గనకనే కొన్నది సాబ్. కనకుంటె ఎందుకు కొంటది?"

ఆయన లేచి లోపలికి, దొరసాని దగ్గరికి పోయాడు. కొంచెం సేపటికి దొరసాని పరుగులాంటి నడకతో వచ్చింది. కళ్లనిండా నీళ్లు. సబ్బు నురగతో ఉన్న నా రెండు చేతులూ పట్టుకుంది.

"నిన్ను విక్రయించిరా?"

"అయ్యో, అట్ల గాదమ్మా..."

"నాతో చెప్పుటకు భయపడవద్దు. ఎంత వెలకు?"

అడిగింది కాబట్టి చెప్పాను. "చాటెడు తవుడుకమ్మా."

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. నేను చెప్పినకొద్దీ ఇంకా ఏడ్చింది. దొర బయటికి వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగాడు, ఆమె చెప్పింది, ఆయన నన్ను చూసి తల పంకించాడు. అంత జాలిగా నన్ను జన్మలో ఎవరూ చూడలేదు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే ఏమనుకుంటారోనని కొంగు నోట్లో పెట్టుకున్నాను. అది చూసి ఏడుస్తున్నాననుకున్నారు.

జరిగింది ఇది. నాకంటే ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. అలా పోతుంటే మా దిక్కున ఏం చేస్తారంటే, పుట్టిన బిడ్డను తీసుకుపోయి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. మాకు వద్దు, పారేశాం అన్నట్టు. పక్కింటామె వచ్చి, అయ్యో ఎవరో పారేశారే అని చాటలో ఎత్తుకుంటుంది. ఇప్పుడు బిడ్డ ఆమెది. అప్పుడు కన్నతల్లి పోయి ఆమెకింత తవుడు పోసి కొనుక్కుంటుంది. బిడ్డను తీసుకుపోయేది ఏదైతే ఉందో, దానికి ఈ బిడ్డ ఇక ఈ ఇంటిది కాదు. నన్నూ అలాగే చేశారు. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. చాలామంది ఇళ్లలో అది ఆ ఒక్క రోజుతో అయిపోతుంది.

మా అమ్మ దగ్గర మాత్రం అయిపోలేదు. నేను ఆమెను ఎన్నడూ అమ్మా అని పిలవలేదు. చిన్నమ్మా అనే పిలవాలి. ఎత్తుకున్న పక్కింటామెను అవ్వా అనాలి, మా దిక్కున అవ్వ అంటే అమ్మే. కొత్తవాళ్లు ఎవరైనా ఈ పిల్ల ఎవరిది అంటే మా అమ్మ ఆ ఇంటి వైపు చెయ్యి చూపించేది. మేం అప్పటికే చర్చికి పోయేవాళ్లం. పాస్టరుగారు ఇది తప్పని ఎన్నిసార్లో చెప్పాడు. ఆమె తలూపి ప్రార్థన చేసి, బయటికి వచ్చి మళ్లీ చెయ్యి అటే చూపించేది. ఈ ఒక్క విషయంలో ఆమె ఏ దేవుణ్ణీ నమ్మలేదు.

ఇప్పుడు పోలీసులు రాసి పంపినదాంట్లో, ఈమెను పసితనంలో కొనుగోలు చేసినట్టు తెలుస్తోంది, తండ్రి ఎవరో తేలలేదు అని ఉందట. ఇలాంటి మనిషికి కాగితం ఎలా ఇస్తాం అని ఆఫీసులో పక్కన పెట్టారు. మామూలు రోజుల్లో అయితే పిలిచి అడిగేవాళ్లేమో. జనం అంతమంది తోసుకుంటుంటే తేలనిదాన్ని పక్కన పెట్టడమే వాళ్లకు సుళువు.

"గీమె నా కడుపున పుట్టింది, ఫలానాయన దీని తండ్రి అని మీ అమ్మ వచ్చి తాండూరు తాసిల్దారు ముందట చెప్పాలె. ఆయన సంతకం పెట్టి ఇస్తె అయిపాయె. చిన్న పని," అన్నాడు మున్షీ సాబ్.

చిన్న పని. ఎవరి అమ్మకైనా అంతే. నాకు మాత్రం అది చిన్నగా అనిపించలేదు. ఎందుకో అప్పుడు తెలియలేదు.

మరునాడు రైల్లో తాండూరు పోయాను. స్టేషను దగ్గర నాపరాళ్లు బండ్ల నుంచి దించుతున్నారు, ఆ తెల్లటి దుమ్ము కాళ్లకంటింది. కాగ్నాలో నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. ఊరు చేరేసరికి మా అమ్మ, అవ్వ మా ఇంటి నీడలో కూర్చుని కందులు చెరుగుతున్నారు. ఎప్పుడూ అలాగే ఉండేవాళ్లు ఇద్దరూ, తిట్టుకుంటూ. అవ్వ సేడం దిక్కు నుంచి కోడలిగా వచ్చినామె, మాటలో కన్నడం దొర్లేది.

"ఓడ దిగొచ్చినవా?" అంది అవ్వ.

"ఎక్కలేదవ్వా ఇంకా. పోలీసు జవాను వచ్చిండా మీ దగ్గరికి?"

"హౌదు, వచ్చిండు. దీని తల్లెవరు అన్నడు. నేనే అన్న."

"ఎందుకన్నవవ్వా?"

"ఎందుకేందే? ఎవరడిగిన నేనే అనాలె అని గదా మీ చిన్నమ్మ నాతోని ఒట్టు వెట్టించుకున్నది. రజాకార్లొచ్చిన నాడు గదే అన్న. నీకు సంబంధం చూసుకోనొచ్చినోళ్లకు గదే అన్న. ముప్పై యేండ్ల సంది ఒక్క మాట మీద ఉన్న. ఓ జవానొచ్చి మీసం దువ్వితె మార్చి చెప్తనా?"

"నువ్వేమన్నవ్ చిన్నమ్మా?"

మా అమ్మ చాట ఆపలేదు. "కొనుక్కున్న అన్న. అబద్ధమా?"

"అబద్ధం గాదు. గని సర్కారుకు కన్నదెవరో కావాలంట. నువ్వొచ్చి తాసిల్దారు ముందట ఒక్క మాట చెప్పాలె. నా బిడ్డనే అని."

చాట ఆగింది. ఒక గింజ కూడా కదల్లేదు.

"ఎవరి ముందట?"

"తాసిల్దారు ముందట. పెద్ద కచ్చేరిల."

"కచ్చేరిల పది మంది ఉంటరు. ఆడ చెప్తె ఆడ్నే ఉంటదా మాట? వినద్దన్నది వింటది."

"ఏది వింటది?"

ఆమె చుట్టూ చూసింది. చూరు వంక చూసింది.

"ఇద్దర్ని నా పిల్లలే అనుకుంట ఎత్తుకొని ఊరంత తిప్పిన," అంది చివరికి, నాతో కాదు, కందులతో. "ఇద్దరు పొయిండ్రు. నిన్ను ఒక్కనాడు గూడ నాదనలేదు. నువ్వున్నవ్. ఇప్పుడు నీళ్ల మీదికి పోయే ముందట అనమంటున్నవ్."

ఇదంతా నాకు తెలియనిది కాదు. చిన్నప్పటి నుంచి తెలుసు. కానీ అలవాటైన కుంటినడకలాగా తెలుసు. అది ఆమెకు రోజూ ఎంత పనో ఎన్నడూ అనుకోలేదు. ముప్పై యేళ్లు ఒక మాట నోటి దాకా రాకుండా పట్టుకోవడం. దాన్ని నేను నమ్ముతానా అంటే నమ్మను. ఆసుపత్రిలో ఎన్నో కాన్పులు చూశాను, పిల్లలు ఎందుకు పోతారో దొరసాని నాకు చెప్పింది. నమ్మని దానికి వెంట్రుకలు ఎందుకు నిక్కబొడుచుకోవాలి? నిక్కబొడుచుకున్నాయి.

"ఐతే నేను పోను తియ్," అన్నాను.

"పోకుంటె మంచిదే," అంది మా అమ్మ.

అవ్వ కందులు కింద పడేసి లేచింది. "మంచిదంట! ఓడ ఎక్కుతది, ఓడ ఎక్కుతది అని బాయికాడ, పిండి గిర్నికాడ, చర్చికాడ చెప్పుకుంట తిరిగిందెవరు? నేనా?"

"నా బిడ్డ అని చెప్పిననా? నీ బిడ్డ ఎక్కుతదనే చెప్పిన."

"చెప్పినవ్ తియ్! అందరు నన్నే అడుగుతున్నరు. ఓడ ఎప్పుడు, ఏడికి, ఎన్నొద్దులు అని. నాకేం తెలుసు? నా బర్రె ఏడికి పొయ్యిందో నాకే తెల్వది."

నవ్వాలో ఏడవాలో తెలియక నేను వాళ్లిద్దరి మధ్య కూర్చుని కందుల్లో రాళ్లు ఏరాను. మధ్యాహ్నం రైలుకు లేచాను. వాకిలి దాటేసరికి వెనక నుంచి మా అమ్మ అడిగింది.

"ఆ కచ్చేరిల నువ్వు గూడ ఉండాల్నా?"

"ఉండాలె. గీమెనే అని చూయించనీకె."

"చూయించినంక?"

"చూయించినంక నాతో పని లేదనుకుంట."

"ఐతే చూయించినంక బయటికి పోవాలె నువ్వు. కచ్చేరి వాకిట్లకు కాదు, గేటు అవతలికి. నీ చెవుల పడద్దు."

సరేనన్నాను. ఎవరి చెవిన పడకూడదని ఆమె భయపడుతోందో, అది నేనో ఇంకొకటో, ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు. బిడ్డ వింటేనే అది వింటుందని ఆమె లెక్కేమో.

తాసిల్దారు కచ్చేరికి పోయిన రోజు జనం బాగా ఉన్నారు. భూముల పంచాయితీలు. మున్షీ సాబ్ వికారాబాద్ నుంచి నాతో పాటు వచ్చాడు. మా అమ్మ, అవ్వ నడిచి వచ్చారు, ఇద్దరూ ఉతికిన చీరలు కట్టుకుని. మా అమ్మ నా పక్కన నిలబడలేదు. అవ్వను మధ్యలో నిలబెట్టింది.

తాసిల్దారు కోస్తా దిక్కు మనిషి, కొత్తగా వచ్చాడన్నారు. మున్షీ సాబ్ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు, చెమటలు పట్టాయి ఆయనకు. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి తవుడు దగ్గరికే వచ్చి ఆగిపోతున్నాడు. తాసిల్దారు కళ్లద్దాలు తీశాడు.

"చాటలో ఎత్తుకున్నారా? అంతేనా? మా మేనత్తని కూడా అలాగే కొన్నారండీ. దీనికింత గొడవేమిటి?" అన్నాడు.

మున్షీ సాబ్ మొహం చూడాలి. ఇన్ని రోజులు పట్నానికీ వికారాబాద్‌కూ తిరిగి, ఆ ఆఫీసులో ఎవరికీ చెప్పలేక ఊరుకున్నది, ఇక్కడొకాయన వాక్యం పూర్తి కాకముందే అందుకున్నాడు.

"నువ్వేనా అమ్మింది?" అన్నాడు తాసిల్దారు అవ్వతో.

"హౌదు దొరా. నేనే అమ్మిన."

"తవుడు ఏం చేశావు?"

"నేనేం జేస్త? నా బర్రె తిన్నది."

కచ్చేరి అంతా నవ్వింది. మా అమ్మ నవ్వలేదు. తాసిల్దారు ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా, ఈ అమ్మాయి..."

"దాన్ని బయటికి పంపుండ్రి," అంది మా అమ్మ. గొంతు పెద్దగానే వచ్చింది. "అది పోతె చెప్త."

ఆయన ఎందుకని అడగలేదు. నా వైపు చూసి తలుపు వైపు చెయ్యి ఊపాడు.

నేను గేటు దాటి అవతల రోడ్డు మీద నిలబడ్డాను. నాపరాళ్ల బండ్లు పోతున్నాయి, ఎద్దుల గిట్టలు, ఇరుసుల చప్పుడు. కచ్చేరికి పక్కన కిటికీ ఉంది. కొంచెం వెనక్కి నడిచి ఆ గోడ వారన నిలబడితే వినబడేది. జన్మలో ఒక్కసారి ఆ మాట ఆమె నోట వినొచ్చు. ఎండ నెత్తిన కొడుతోంది. పోవాలనిపించింది. కాళ్లు రాలేదు. ఆమెకిచ్చిన మాట కోసం ఆగానో, నాకే భయమేసి ఆగానో. పాస్టరుగారు అడిగితే మొదటిది అనేదాన్ని.

ఎంతసేపో తెలియదు. మా అమ్మ బయటికి వచ్చింది, కొంగు తల నిండా కప్పుకుని. నన్ను దాటుకుని పోయింది. ఎవరో దారిన నిలబడ్డ మనిషిని తప్పించుకుని పోయినట్టు పోయింది. నేరుగా వాగు దారి పట్టింది. నేను పిలవబోయాను. ఏమని పిలవాలో అర్థం కాక నోరు మూసుకున్నాను.

వెనక అవ్వ వచ్చింది.

"అన్నదా?"

"అన్నది."

"ఏమన్నది?"

"నీకు చెప్పనని ఒట్టు వెట్టించుకున్నది. మీ ఇంటోళ్ల ఒట్లతోనే నా బతుకు తెల్లారుతున్నది." కళ్లు తుడుచుకుంటూనే నన్ను తిట్టి, మా అమ్మ వెనకే పోయింది.

మున్షీ సాబ్ చేతిలో సంతకమైన కాగితం ఉంది. "మస్తు మంచిగ చెప్పిందమ్మా మీ అమ్మ. నేను చెప్తా విను..." అన్నాడు.

"వద్దు సాబ్."

"అరె, మంచి మాటనే."

"మంచిదైనా వద్దు."

ఆయన పరేషాన్ అయ్యాడు. రైల్లో వికారాబాద్ దాకా నన్ను వింతగా చూస్తూనే ఉన్నాడు.

తర్వాత మళ్లీ ఎదురుచూడటమే. దొరవాళ్ల పెద్ద పెట్టెలు ముందే బొంబాయి పోయాయి. దొరసాని బొంబాయిలో ఒక ఆయాకు ఉత్తరం రాయించింది. నాకు చెప్పే రాయించింది, చెప్తూ నా మొహం చూడలేదు. ఉన్ని బట్టలు మడిచి అలమారాలో పెట్టాను. పిల్లవాణ్ని భుజం మీద కాకుండా మంచం మీద పడుకోబెట్టడం అలవాటు చేయబోయాను. వాడు ఏడిచాడు, మళ్లీ ఎత్తుకున్నాను. ఒక్కోసారి కాగితం రాకపోతేనే బాగుండుననిపించేది. మా అమ్మ ఆ మాట అననే అన్నది కదా, ఇక పోయినా పోకున్నా ఒకటే. మరుక్షణం తపాలా మనిషి సైకిలు గంట వినబడితే చేతిలోది పడేసి ఉరికేదాన్ని.

వచ్చింది. దొరవాళ్లు బయలుదేరడానికి ముందు రోజు మున్షీ సాబే పట్నం నుంచి తెచ్చాడు. బంగ్లా మెట్ల కింద నుంచే చెయ్యి పైకెత్తి చూపించుకుంటూ వచ్చాడు. లోపల నా బెదురు ఫొటో అంటించి ఉంది. దాని కింద నా వేలిముద్ర. చాలా యేళ్ల తర్వాత రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాక దాన్ని తీసి చదువుకున్నాను. మా అమ్మ పేరు అందులో ఎక్కడా లేదు.

బొంబాయి రైలు వికారాబాద్‌లో ఎక్కి తాండూరు మీదుగానే పోవాలి. దొరవాళ్లు మొదటి క్లాసులో, నేను ఆడవాళ్ల మూడో క్లాసు డబ్బాలో. నా పక్కన వాడి జంక్షనుకు పోయే ఒకామె కూర్చుంది, కోడలి కాన్పుకు పోతోంది, ఆగకుండా మాట్లాడే రకం. ఏ రోజు బండో ఊరికి ముందే కబురు పంపి ఉన్నాను, తాండూరులో బండి ఆగితే కిటికీలోంచి తల బయటపెట్టాను. ముందు అవ్వ కనిపించింది, ప్లాట్‌ఫారం మీద జనాన్ని తోసుకుంటూ ప్రతి డబ్బాలోకీ తొంగి చూస్తూ వస్తోంది. మా అమ్మ నల్లా దగ్గర నిలబడి ఉంది, ఇటు కాకుండా ఇంజను వైపు చూస్తూ. ఇంకెవరి కోసమో వచ్చినట్టు.

అవ్వ నన్ను చూసి అరిచింది. మా అమ్మ వచ్చింది కానీ కిటికీ దగ్గరికి రాలేదు. అవ్వ వెనక నిలబడి అవ్వ వీపుతో మాట్లాడింది.

"ఎండు రొట్టెలున్నయి, ఓడల తినమని చెప్పు దానికి."

"ఓడల తినాలంట," అంది అవ్వ, మూట అందిస్తూ.

"సముద్రం దిక్కు ఊకె చూడద్దని చెప్పు."

"వింటున్నదే, చెవుడా దానికి?"

"ఎవరన్న అడిగితె నీ బిడ్డ అని చెప్పమను. ఏ దేశంలనైనా. మర్చిపోవద్దని చెప్పు."

అవ్వ ఈసారి చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుంది. నేను అవ్వ చెయ్యి పట్టుకుని వెనక ఉన్న ఆమె వంక చూశాను. ఆమె నన్ను చూడలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. బండి కదిలింది. అవ్వ కొంచెం దూరం పక్కనే నడిచింది. మా అమ్మ అప్పటికే గేటు వైపు తిరిగి పోతోంది, జనంలో ఆమె వీపు కనబడింది, తర్వాత ఏది ఆమె వీపో తెలియలేదు.

"మీ అమ్మనా చెల్లే?" అంది పక్కన కూర్చున్న ఆమె. "పాపం, ముసల్ది, ఎంత ఉరికింది నీకోసం!"

"ఆ, మా అమ్మనే," అన్నాను.

"మరి ఎనకున్న ఆమె? నీ దిక్కు ఒక్కసారి గూడ చూడలే. ఎవరామె?"

డబ్బాలో అందరూ వింటున్నారు.

"ఎవరు గాదు," అన్నాను. "పక్కింటామె."

మూట విప్పి ఆమెకొక రొట్టె ఇచ్చాను, ఇంకేమీ అడగకుండా ఉంటుందని.